పాసుపుస్తకంలో నా పేరు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. "అన్నా, మీరెట్ల కష్టపడి సదివి టీచర్ అయిన్రో రాయుండ్రి. మాకు స్ఫూర్తిగ ఉంటది" అన్నారు. సరేనన్నాను గానీ కాగితం ముందు కూర్చున్నాక చెయ్యి కదల్లేదు. కష్టపడిన మాట నిజమే. ఇక్కడ చదివిన వాళ్లలో కష్టపడని వాడెవడు? అలాంటి వ్యాసాలు ఈ పుస్తకంలో ఏటా వస్తూనే ఉన్నాయి. నేను తప్పు చేసిన సంగతి ఒకటుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. అదే రాస్తాను. ఇది రైతుబంధు పైసల సంగతి. ఉద్యోగాలు చేసుకుంటూ, ఊళ్లో భూమి తమ పేరు మీద ఉన్న పూర్వ విద్యార్థులు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు చదవాలని నా కోరిక.

1993 జూన్‌లో ఆరో తరగతిలో చేరడానికి నేను పటాన్‌చెరు వచ్చాను. బాపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీకి పోయాడు. అమ్మ ఇక్రిశాట్ పొలాల్లో కూలికి పోయింది. నన్ను తీసుకొచ్చింది మా చిన్నాయన. సైకిల్ క్యారియర్ మీద ఇనుప పెట్టె కట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆ పెట్టె కూడా ఆయన కొన్నదే. రిజిస్టర్‌లో సంరక్షకుడి సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర వేశాడు. పోయేటప్పుడు చెవిలో ఒక మాట చెప్పాడు: "పెద్దోడా, నీ పేరు పిలుస్తె గట్టిగ పలుకు. పలుకకపోతె బువ్వ పెట్టరంట."

పేరు పిలిస్తే పలకడం ఎంత ముఖ్యమో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా? హాజరుపట్టీలో ఎన్ని పేర్లుంటే అన్ని కొలతల బియ్యం, అంత పప్పు. ఏడో తరగతిలో నా పక్క చాప మీద పడుకునే దోస్తు ఒకడు ఉండేవాడు. విత్తనాల రోజుల్లో వాళ్ల నాయనకు సాయంగా ఊరికి పోయాడు. ఆదివారం గుడ్డు పెట్టే రోజు. వాడి పేరు పిలవగానే నేను గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అన్నాను. రెండు గుడ్లు తిన్నాను. వార్డెన్ సార్‌కు తెలిసింది. కొట్టలేదు. రాత్రి ప్రార్థనయ్యాక అందరి ముందూ నిలబెట్టి, "వాడు పొలంలో ఎండకు మాడుతుంటే వాడి పేరు మీద నువ్వు తిన్నావురా" అని మాత్రం అన్నారు. ఆ మాట పాతికేళ్ల తర్వాత మళ్లీ నాకే తగులుతుందని అప్పుడు తెలియదు.

మా భూమి సంగతి చెప్పాలి. మూడెకరాల చెలక. 1970లలో మా తాతకు సర్కారు ఇచ్చిన లావుణి పట్టా. నక్కవాగుకు దగ్గర. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగినకొద్దీ వాగు నీళ్ల రంగు మారింది, వాసన మారింది. ఆ నీళ్లు పారిన మడిలో వరి ఎర్రబారి పోయేది. బర్రెలు ఆ నీళ్లు తాగి పడిపోయేవి. ఈ ప్రాంత కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. సంగారెడ్డిలోని జిల్లా జడ్జిని విచారణ చేయమన్నారు. పంట పోయిన రైతులకు ఎకరాల లెక్కన నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. నాకు తెలిసి ఎకరానికి ఇంత అని మా ఇంటికి వచ్చిన మొదటి సర్కారు పైసలు అవే. చెడిపోయిన నీళ్లకు ఇచ్చిన పైసలు.

అవి తాత పేరు మీదే వచ్చాయి. తాత వాటిని తెచ్చి గడప దగ్గర కూర్చుని నోట్లు రెండు కుప్పలు పెట్టాడు. ఒకటి మా బాపుకు, ఒకటి చిన్నాయనకు. "పేరు నాదే గని దున్నేది మీరు గద" అన్నాడు. తాతకు చదువు రాదు. ఆ లెక్క మాత్రం వచ్చు.

తాత పోయాడు. 2012లో బాపు పోయాడు. అప్పటికి నేను డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుని సంగారెడ్డిలో ఉంటున్నాను. మూడెకరాలూ చిన్నాయనే చేసేవాడు. రెండెకరాలు పత్తి, మధ్యలో కంది సాళ్లు, మిగిలిన ఎకరంలో జొన్న. బోరులో నీళ్లున్న ఏడు కొంత వరి. అమ్మకు ఏడాదికి సరిపడా జొన్నలు, కందులు బస్తాల్లో పంపేవాడు. కాగితాల మీద మాత్రం భూమి ఇంకా తాత పేరు మీదే ఉంది. మనవాడల్లో ఎన్ని ఇళ్లలో ఇట్లా లేదు!

2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. రెవెన్యూ వాళ్లు ఊరికొచ్చి, "తాత పేరు తీసేసి ఎవరి పేరు రాయాలె?" అని అడిగారు. ఇంట్లో అందరం కూర్చున్నాం. భూమి ఇద్దరన్నదమ్ములది. చెరి ఎకరన్నర రాయించడం న్యాయం. కానీ చిన్నాయనే అన్నాడు: "రెండు ముక్కలు జేస్తె రెండు దిక్కుల తిరగాలె. పెద్దోడు సదువుకున్నోడు. ఆధార్లు, బ్యాంకులు వానికే ఎరుక. అంతా వాని పేరు మీదనే రాయుండ్రి. పేరుదేముంది?"

నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నా మనసులో దురాశ లేదు. పని తొందరగా అయిపోతుందని మాత్రమే అనుకున్నాను. మూడెకరాలూ నా పేరు మీదికి ఎక్కాయి. పాత పహాణీలో పట్టాదారు పేరుకు తోడు అనుభవదారు అని ఇంకో కాలమ్ ఉండేది. భూమి ఎవరిది, దున్నేది ఎవరు, రెండూ కనిపించేవి. కొత్త పాసుపుస్తకంలో ఆ రెండోది లేదు. అంటే సర్కారు దృష్టిలో మా చిన్నాయన ఆ పొలంలో లేనట్టే.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. ఏ కాగితమూ అడగకుండా, ఏ అప్పుతో సంబంధం లేకుండా, విత్తనానికి ముందే పెట్టుబడి చేతికివ్వడం మంచి ఆలోచన. అందులో నాకు అనుమానం లేదు. షావుకారు గడప తొక్కకుండా పత్తి గింజ కొనగలిగితే రైతుకు సగం బరువు దిగినట్టే.

మా ఊళ్లో చెక్కులు పంచిన రోజు నాకు బాగా గుర్తుంది. స్కూలు ముందు షామియానా వేశారు. పట్నం నుంచి కార్లు వరసగా వచ్చి ఆగాయి. మా ఊరి చెలకలు ఏనాడో కొని, హద్దురాళ్లు పాతి పోయినవాళ్లు దిగారు. వాళ్ల ముఖాలు ఊళ్లో సగం మందికి తెలియవు. పాసుపుస్తకం, చెక్కు తీసుకుని, సంతకం పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. వాళ్ల భూములు కౌలుకు చేస్తున్నవాళ్లే ఆ రోజు కుర్చీలు మోశారు. నాకు కోపం వచ్చింది. పక్కన ఉన్న మాస్టారుతో "దున్నేటోడు ఒకడు, తీసుకునేటోడు ఒకడు" అన్నాను కూడా. ఆ తర్వాత నా పేరు పిలిచారు. లేచి వెళ్లి 12,000 రూపాయల చెక్కు తీసుకున్నాను. నేనూ ఆ వరసలోనే నిలబడ్డానని ఆ క్షణంలో తోచనే లేదు.

ఆ 12,000 మొత్తం చిన్నాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లకద్దుకుని, "పెద్దోడు సర్కారును ఇంటికి తోలుకొచ్చిండు" అని వాడంతా చెప్పుకున్నాడు.

ఆ యాసంగి నుంచి చెక్కులు పోయి పైసలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడటం మొదలైంది. అక్కడే నేను జారాను. చెక్కు చేతిలో ఉంటే ఊరికి పోవాలనిపిస్తుంది. ఫోన్‌లో మెసేజ్ వస్తే ఏమనిపిస్తుంది? నా జీతం పడేదీ అదే ఖాతా. ఇంటి లోన్ కిస్తీ పోయేదీ అదే ఖాతా. రెండోసారి 6,000 ఇచ్చి, మిగతాది వచ్చే నెల ఇద్దామనుకున్నాను. ఆ వచ్చే నెల రాలేదు. 2019 వానాకాలం నుంచి ఎకరానికి 5,000 చేశారు. నాకు పంటకు 15,000. పిల్ల స్కూలు ఫీజు, బండి రిపేరు, కిస్తీ... ఎందులో కలిసిపోయేవో తెలిసేది కాదు. దసరాకు ఊరికి పోయినప్పుడు చిన్నమ్మకు చీర, చిన్నాయనకు అంగీ గుడ్డ, చేతిలో రెండు వేలో మూడు వేలో. ఆయన ఏనాడూ అడగలేదు. ఆయన అడగలేదు కాబట్టి నేనూ మరిచిపోయినట్టే ఉన్నాను. తోటి టీచర్ల ముందు మాత్రం పట్నం భూస్వాములను తిట్టడం మానలేదు.

2021 సెప్టెంబరులో చిన్నాయన చనిపోయాడు. పత్తికి మందు కొట్టి వచ్చి, ఛాతీలో నొప్పంటూ మంచం మీద ఒరిగాడు. ఆటోలో పటాన్‌చెరు చేరేలోపే పోయాడు. యాభై నాలుగేళ్లు.

దినాలప్పుడు ఊళ్లో ఎవరో అన్నారు: "రైతుబీమా అయిదు లక్షలొస్తయి గద. చిన్నమ్మకు జరంత ఆసరా." అందరూ నా దిక్కు చూశారు. 2018 ఆగస్టు నుంచి ఆ బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. ప్రీమియం సర్కారే కడుతుంది. కానీ ఆ మూడెకరాలకు పట్టాదారును నేను. బీమా నా పేరు మీద ఉంది. నామినీ నా భార్య. ఎండలో మందు కొట్టింది ఆయన. ఏదైనా అయితే 5 లక్షలు వచ్చేది సంగారెడ్డిలో ఫ్యాను కింద పాఠం చెప్పే నా ఇంటికి. ఎకరన్నర ఆయన పేరు మీద రాయించి ఉంటే చిన్నమ్మకు ఆ సొమ్ము అందేది. "పేరుదేముంది" అన్న మాటకు ఖరీదు 5 లక్షలని ఆ రోజు తెలిసింది.

ఇంకొకటి కూడా అప్పుడే లెక్కకు వచ్చింది. కేంద్రం 2019లో మొదలుపెట్టిన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 వస్తాయి. నేను ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నాకు రావు. రాకపోవడం న్యాయమే. కానీ పాసుపుస్తకం లేదు కాబట్టి ఆయనకూ రాలేదు. నా పేరు ఆ పొలం మీద కూర్చుని ఆ పైసలనూ ఆపింది.

పదకొండో రోజున చిన్నమ్మ ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఎరువుల షాపు ఖాతా పుస్తకం. "ఎంత బాకీ ఉన్నదో సదివి చెప్పు బిడ్డా" అంది. చదివాను. 2019 జూన్‌లో 15,000. 2020 జూన్‌లో 20,000. 2021 జూన్‌లో మళ్లీ. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. పత్తి అమ్మినప్పుడు కొంత కట్టడం, విత్తనానికి మళ్లీ తేవడం. చివరికి బాకీ 43,000. నా ఫోన్‌లో బ్యాంకు మెసేజ్‌లు ఇంకా ఉన్నాయి. తీసి చూశాను. ఆయన షాపుకు పోయి అప్పు రాయించుకున్న నెలల్లోనే నా ఖాతాలో ఆ పొలం పెట్టుబడి పైసలు పడ్డాయి. ఒకసారైతే తేదీల మధ్య నాలుగు రోజుల తేడా.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 2018 వానాకాలం నుంచి 2021 వానాకాలం దాకా ఏడు పంటలకు నాకు వచ్చినవి 99,000 రూపాయలు. అన్నీ కలిపినా నేను ఇచ్చినవి 26,000 దాటలేదు.

తెల్లారి చిన్నమ్మ ముందు ఈ సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నువ్వు మోసం జేసినవని నేనంటలేను బిడ్డా. పైసలు ఎవలి పేరు మీద వస్తె అవి వాల్లయే అనుకున్నం."

తమ్ముళ్లారా, నన్ను పడేసింది ఆ మాటే. దున్నే మనిషికే ఆ పైసలు తనవి కావని నమ్మకం కుదిరింది. పాసుపుస్తకం ఆ నమ్మకాన్ని కలిగించింది. నేను నోరు మూసుకుని దాన్ని గట్టిపరిచాను. వార్డెన్ సార్ ముందు తల దించుకుని నిలబడ్డ ఆ రాత్రి మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. వాడు పొలంలో మాడుతుంటే వాడి పేరు మీద తిన్నావురా అన్నారు సార్. ఈసారి ఆయన పేరు కూడా లేకుండా చేసి తిన్నాను.

షాపు బాకీ నేనే కట్టాను. మిగిలినవి చిన్నమ్మ ఖాతాలో వేశాను. బీమా పోయింది, దాన్ని తేలేను.

తర్వాత ఎకరన్నర చిన్నమ్మ పేరు మీదికి మార్చాలని బయల్దేరాను. అంత తేలిక కాదని తిరిగాక తెలిసింది. లావుణి భూమిని అమ్మడానికి, దానం ఇవ్వడానికి 1977 నాటి చట్టం ఒప్పుకోదు. పేదల భూమి పెద్దల చేతికి పోవద్దని తెచ్చిన మంచి చట్టమే అది. కానీ ఒకసారి తప్పు పేరు ఎక్కాక దాన్ని దిద్దుకోవడానికి పోతే అదే అడ్డుగోడైంది. ధరణి పోర్టల్లో నాకు పనికొచ్చే దారి దొరకలేదు. తిరిగి తిరిగి వచ్చాను. ఎక్కించేటప్పుడు ఒక్క పూట పట్టిన పేరు, దించడానికి ఏళ్లు పట్టినా దిగలేదు. భూభారతి చట్టం వచ్చాక 2025 జూన్‌లో ఊళ్లో జరిగిన రెవెన్యూ సదస్సులో మళ్లీ దరఖాస్తు ఇచ్చాను. తాత వారసులు ఇద్దరని, చెరిసగం రాయాలని. రసీదు నా దగ్గర ఉంది. పని అయ్యేదాకా తిరుగుతాను.

2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతు భరోసా వచ్చింది. ఎకరానికి ఏడాదికి 12,000. లేఅవుట్లకు, ఫ్యాక్టరీలకు, గనులకు పోయిన భూములను జాబితాలోంచి తీసేశారు. మా పటాన్‌చెరు దిక్కున ఇది చాలా అవసరమైన పని. హద్దురాళ్లకు పెట్టుబడి ఎందుకు? అయితే సాగులో ఉన్న భూమికి మాత్రం పైసలు ఇప్పటికీ పట్టాదారు ఖాతాలోకే వస్తాయి. అదే రోజు భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా మొదలైంది. కాగితం ప్రకారం మా చిన్నమ్మ భూమి లేనిదే కదా అని అడిగి చూశాం. 2023-24లో ఉపాధి హామీ పనికి కనీసం 20 రోజులు పోయి ఉండాలన్నారు. ఆమె పోలేదు. తన పొలంలోనే పని తెగలేదు మరి. రైతుగా లెక్కలో లేదు, కూలీగా లెక్కలో లేదు. మూడెకరాలు పండించే మనిషి!

దున్నేవాణ్ణి గుర్తించడం కుదరదని చాలామంది అంటారు. మన దగ్గరే 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి పంట సాగుదారుల హక్కుల చట్టం ఉంది. పదకొండు నెలల ఒప్పందంతో కార్డు ఇస్తారు, భూమి మీద యజమాని హక్కుకు ఏ నష్టమూ ఉండదు. ఆ ఏడాదే అక్కడ మొదలైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులనూ చేర్చారు. ఒడిశాలో కాలియా అనే పథకం పాలుకు చేసేవాళ్లను, భూమి లేనివాళ్లను కూడా కలుపుకొంది. ఇవన్నీ ఎంత బాగా నడిచాయన్నది వేరే చర్చ. ఆ పేరు రాసుకోవడానికి ఒక గడి పెట్టొచ్చని మాత్రం వీటి వల్ల రుజువైంది.

సర్కారు ఆ గడి పెట్టేదాకా మనం ఆగాలా? నేను ఆగడం లేదు. రైతు భరోసా మెసేజ్ వచ్చిన రోజే 18,000 చిన్నమ్మ ఖాతాకు పంపుతున్నాను. రేపటికి పెట్టను. రేపు అనేది ఎట్లా మాయమవుతుందో నాకు తెలుసు. ఇది దానం కాదని ఆమెకు ప్రతిసారీ చెబుతున్నాను. మొదట్లో "నీ పైసలు నాకెందుకు బిడ్డా" అనేది. మొన్న జూన్‌లో మాత్రం ఆమే ఫోన్ చేసింది: "ఊళ్లె అందరికి పడ్డయంట. నా పైసలు ఇంక రాలేదేంది?" అని గట్టిగా అడిగింది. నాకు ఎంత సంతోషమైందో! "నా పైసలు" అంది. పేరు పిలిస్తే గట్టిగా పలకమని చిన్నాయన నాకు నేర్పాడు. పిలవకపోయినా పలకడం చిన్నమ్మ నేర్చుకుంది.

ఈ హాస్టల్ నుంచి చదువుకుని పోయిన అన్నలకు, తమ్ముళ్లకు నా మనవి ఒక్కటే. ఇంట్లో చదువుకున్నవాడు మనమే కాబట్టి కాగితాలన్నీ మన పేరు మీద పెడతారు. మన మీద నమ్మకంతో పెడతారు. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పాసుపుస్తకం తీసి చూడండి. అందులో ఎవరి పేరుందో, పొలంలో ఎవరున్నారో చూడండి. రెండూ ఒకటైతే సరే. కాకపోతే పేరు మార్పించడానికి తిరగండి. అది అయ్యేలోగా పైసలు చేతులు మార్పించండి. దానికి ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు ఒక మాట. మీ ఇంట్లో పొలం చేసేవాళ్ల పేరు ఏ కాగితం మీద ఉందో అడిగి తెలుసుకోండి. లేకపోతే రాయించమని పోరు పెట్టండి. నన్ను ఈ హాస్టల్ రిజిస్టర్‌లోకి ఎక్కించింది ఒక వేలిముద్ర. ఆ వేలిముద్ర వేసిన మనిషి పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కకుండానే పోయింది. మీ ఇంట్లో అట్లా జరగనియ్యకండి.

— పూర్వ విద్యార్థి (1993-98), ప్రభుత్వ ఉపాధ్యాయుడు, సంగారెడ్డి